ఇరవై ఎనిమిది చిలపలు

బండిల్ నూలు అంటే పది పౌండ్లు. ఇరవయ్యో నంబరు నూలైతే అందులో 200 చిలపలుంటాయి. చిలప ఒక్కటి 840 గజాలు. ఈ మూడు ముక్కలు మా జేజినాయనకు తెలియవు. తెలియకుండానే ఆయన యాభై ఏళ్లు నేశాడు. ఎమ్మిగనూరులో దుప్పటి అంచు చూసి ఇది ఫలానా వాని నేత అని చెప్పేవాళ్లట. చేతికి అంత పేరు. లెక్కకు మాత్రం షావుకారు నోటిమాటే. నూలు ఎంత ఇచ్చాడో షావుకారు చెప్పాలి, గుడ్డ ఎంత దిగాలో షావుకారు చెప్పాలి, ఉగాదికి బాకీ ఎంత తేలిందో కూడా ఆయనే చెప్పాలి.

నేను 1979 నుంచి 2013 దాకా, ముప్పై నాలుగేళ్లు, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో క్రాఫ్ట్ మాస్టరుగా పనిచేశాను. చేనేత నా సబ్జెక్టు. లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ టెక్నికల్ పరీక్షలు పాసై, ఎండాకాలం సెలవుల్లో 42 రోజుల ట్రైనింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరినవాణ్ణి. డ్రాయింగు, కుట్టుపని, చేనేత, ఈ మూడింటి మాస్టర్లమూ ఆ దారినే వచ్చాము. బడిలో చేతిపని నేర్పడం గురించి ఈమధ్య మళ్లీ గట్టిగా మాట్లాడుతున్నారు. నైపుణ్యం, వృత్తి విద్య, స్కిల్ అనే మాటలు ప్రతి సమావేశంలోనూ వినబడుతున్నాయి. మా పడమటి కర్నూలులో ఈ ముచ్చటకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిసినవాళ్లు తక్కువైపోతున్నారు. అందుకే రాస్తున్నాను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోని ఊరు. కనుక మా బడుల పాత సంగతి కావాలంటే బళ్లారి కాగితాల్లో వెతకాలి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న జవాబు రాశాడు. తెలుగుకు వ్యాకరణం, నిఘంటువు రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల పైచిలుకు జనాభాకు 533 బడులు, 6,641 మంది పిల్లలు అని తేల్చాడు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. ఈ వరస చూస్తే మా ఆదోని బజారు ఇప్పటికీ ఎందుకు నాలుగు భాషల్లో బేరమాడుతుందో అర్థమవుతుంది. ఆ పిల్లల్లో ముస్లింలు 243 మంది. ఆడపిల్లలు 60 మందే.

ఆ నివేదికలో బడి ఎలా నడిచేదో కళ్లకు కట్టినట్టు ఉంది. పొద్దున ఆరు గంటలకు బడి మొదలు. ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవానికి సున్నా. మూడోవాని నుంచి బెత్తం దెబ్బలు, ఒకటి, రెండు, అట్లా పెరుగుతూ పోయేవి. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు, ఆ తర్వాత ఆకుల మీదికో, కడితాల మీదికో వచ్చేవారు. కడితం అంటే ఈ కాలం వాళ్లకు చెప్పాలి. గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి కలిపి పట్టించి, ఆరబెట్టి, మడతలు మడతలుగా మడిచిన పుస్తకం అది. బలపంతో రాసి, తుడిచి, మళ్లీ రాసుకోవచ్చు. కోమట్ల అంగళ్లలో జమాఖర్చులన్నీ కడితాల మీదే నడిచేవి. మగ్గం మీద నేసిన గుడ్డే పిల్లవానికి పలక అయ్యింది, అంగడికి ఖాతా పుస్తకం అయ్యింది. చదవడం, రాయడం, లెక్కలు అక్కడ నేర్చేవారు. పద్యాలు మాత్రం అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని క్యాంప్‌బెల్ తప్పుపట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు.

వీటన్నిటికంటే నన్ను పట్టుకున్నది వేరే. ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు బడులు లేవు, కారణం దేశం పేదదైపోవడమే అని ఆ కలెక్టరే రాశాడు. మన నూలు బట్టల స్థానంలో ఐరోపా బట్టలు వచ్చి పనివాళ్ల రాబడి పడిపోయిందని కూడా రాశాడు. అంటే మా ప్రాంతంలో మగ్గం కుంటుపడితే బడి మూతపడింది. ఈ సంగతి ఒక కంపెనీ అధికారి 1823లోనే కాగితం మీద పెట్టాడు. నేత పనికీ బడికీ ముడి ఎక్కడుందో నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు, ఆ పాత నివేదిక చెప్పింది.

తర్వాతి వంద ఏళ్లు త్వరగా చెప్పేస్తాను. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు రైలు దారి పూర్తయింది. ఆదోని మీదుగా పోయే ఆ దారి పుణ్యాన మా నల్లరేగడి పత్తి మద్రాసు, బొంబాయి మార్కెట్లకెక్కింది. పత్తి వ్యాపారులు ఈ ప్రాంతపు పత్తిని ‘వెస్టర్న్స్’ అనేవారు. నంద్యాల వైపు పత్తి ‘నార్తర్న్స్’. ఆదోనిలో జిన్నింగు మిల్లులు లేచాయి, కమీషన్ మండీలు వెలిశాయి. ఆదోని నూలు జంపఖానాలకు పేరు ఉండనే ఉంది. ఈ మధ్యలోనే 1876-78 కరువు వచ్చింది. ధాత కరువు అని మా జేజి వాళ్ల అమ్మ నోట విని చెప్పేది. కరువులో ముందు ఆగేది గుడ్డ కొనడం. తిండికి లేనివాడు పంచె ఎక్కడ కొంటాడు? నేతగాడు ఆకలితో పాటు బాకీని కూడా మోశాడు. మగ్గం షావుకారుకు తాకట్టు, చేయి షావుకారుకు తాకట్టు.

ఈ తాకట్టు విప్పడానికి మాచాని సోమప్ప గారు 1938లో ఎమ్మిగనూరు నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. నూలు సంఘం ఇస్తుంది, గుడ్డ సంఘం తీసుకుంటుంది, కూలి గజానికి ఇంత అని ముందే నిర్ణయం. ఇచ్చిందీ తీసుకున్నదీ పాస్‌బుక్కులో ఎక్కుతుంది. దుప్పట్లు, టవళ్లు, పరుపు గుడ్డలు దేశమంతా పోయాయి. ప్రభుత్వం 1954లో సోమప్ప గారికి పద్మశ్రీ ఇచ్చింది. ఊళ్లో సోమప్ప సర్కిల్ దగ్గర బస్సు దిగే పిల్లలకు ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసో లేదో.

సంఘం చేసిన పెద్ద పని కూలి పెంచడమే అని చాలామంది అంటారు. నా లెక్కలో పాస్‌బుక్కు అంతకంటే పెద్దది. మా జేజినాయనకు అరవై ఏళ్లు దాటాక మొదటిసారి తన చేతి పని కాగితం మీద కనబడింది. చదవలేకపోయినా పండుగనాడు ఆ పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టేవాడట. మా నాయన మాత్రం చదివాడు. మూడో తరగతి చదువు ఆయనది. సాయంత్రం దీపం కింద కూర్చుని పాస్‌బుక్కు కూడి, తీసివేసి, తప్పుంటే మరుసటి రోజు సంఘం ఆఫీసుకు పోయి అడిగేవాడు. అడిగే ధైర్యం ఆ కూడికలోంచే వచ్చింది.

సంఘం పుట్టడానికి ఒక ఏడాది ముందు, 1937 అక్టోబరులో, వార్ధాలో గాంధీ గారు విద్యా సమావేశం పిలిచారు. చేతిపనిని మధ్యలో పెట్టుకుని చదువంతా దాని చుట్టూ చెప్పాలన్నారు. జాకీర్ హుస్సేన్ కమిటీ ఆ ఆలోచనకు పాఠ్యప్రణాళిక రాసింది. నయీ తాలీం, బేసిక్ విద్య అన్నారు. దాన్ని నేను నిండుమనసుతో గౌరవిస్తాను. తకిలీ తిప్పే పిల్లవానికి ఆ పత్తి ఎక్కడ పండింది, నూలు ఎందుకు తెగింది, గంటకు ఎన్ని గజాలు వడికాడు అని చెబితే భూగోళం, సైన్సు, గణితం మూడూ వచ్చినట్టే. కానీ మా కాలానికి వచ్చేసరికి తకిలీ మిగిలింది, చుట్టూ ఉండాల్సిన చదువు పోయింది. 1965 ప్రాంతంలో నాకు బడిలో తకిలీ, గుప్పెడు ఏకులు ఇచ్చారు. వారానికి రెండు పీరియడ్లు వడకాలి. ఇంట్లో మా అమ్మ రాట్నం మీద రోజంతా కండెలు చుట్టేది. ఆమె పక్కన కూర్చుని చేతులు అరిగిన నాకు బడిలో తకిలీ కొత్త చదువేమీ కాలేదు. ఆ నూలు నంబరెంతో తేల్చే పద్ధతి ఒక్కరైనా చెప్పి ఉంటే అయ్యేది.

వార్ధాకూ మా బడి తకిలీకీ మధ్య 1953 ఉంది. ఆ ఏడాది జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గారు పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలలకు కొత్త పథకం తెచ్చారు. బడి రోజుకు మూడు గంటలే. ఒక పూట కొందరు పిల్లలు, ఇంకో పూట మరికొందరు. మిగతా సమయంలో పిల్లవాడు ఇంట్లో తండ్రి పని నేర్చుకోవాలి. ఉన్న టీచర్లతోనే ఎక్కువమంది పిల్లలకు చదువు చెప్పవచ్చని వారి వాదన. పెరియార్, ద్రవిడ ఉద్యమం వాళ్లు దానికి ‘కులకల్వి’ అని పేరు పెట్టారు. కుల విద్య అని. పెద్ద గొడవలయ్యాయి. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశారు. ఆలోగా ఆంధ్ర రాష్ట్రం వేరుపడి మా తాలూకా కర్నూలు జిల్లాలో చేరింది.

ఆ వాదనలు విన్న మా నాయన ఒకే మాట అనేవాడు. “మగ్గం నేర్పేదానికి నేను లేనా? నాకు రానిది నేర్పమనప్పా బడిని.”

ఈ మాట నా ఉద్యోగం మొత్తానికీ నాకు దారి చూపింది. రాజాజీ పథకం తప్పు ఎక్కడుందో ఇందులో ఉంది. తండ్రికి వచ్చిన పనిని తండ్రి దగ్గరే వదిలి, తండ్రికి రాని లెక్కను సగానికి కోసింది. పిల్లవాణ్ణి పనికి దగ్గర చేసిందన్నది నా ఫిర్యాదు కాదు. పని మా పిల్లలకు ఎప్పుడు దూరమైంది గనక?

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఆదోనికి దగ్గర్లో ఒక పెద్ద ఊరు. క్రాఫ్ట్ గదిలో ఒక ఫ్రేమ్ మగ్గం, రెండు రాట్నాలు, ఒక ఆసు. ఎనిమిదో తరగతిలో నలభై ఆరుగురు. సగంమంది సేద్యగాళ్ల పిల్లలు, పది పన్నెండుమంది నేతగాళ్ల పిల్లలు, మిగతావాళ్లు హమాలీలు, కురువలు, దర్జీలు. మూడోరోజే ఒక తండ్రి బడికొచ్చాడు. సేద్యగాడు.

“సారూ, మావాణ్ణి నేసేవాణ్ణి చేస్తారంట?”

“లేదన్నా. లెక్క నేర్పుతాను.”

“లెక్కల సారు వేరే ఉన్నాడు గదా?”

అదే సాయంత్రం నేతగాళ్ల వీధిలో ఇంకో తండ్రి ఆపాడు. “మగ్గం తప్పించుకోనీకే వాణ్ణి బడికంపినాము. నువ్వు మళ్లీ మగ్గం మీదికే ఎక్కిస్తే ఎట్లప్పా?” ఇద్దరి భయమూ న్యాయమైనదే. ఇద్దరికీ ఒకటే జవాబు కావాలి. ఆ జవాబు మాటల్లో చెబితే నమ్మరు. వాళ్ల పిల్లల చేత చెప్పించాలనుకున్నాను.

మర్నాడు బోర్డు మీద దుప్పటి లెక్క వేశాను. గుడ్డ పన్నా 60 అంగుళాలు. పన్నె, అంటే పోగుల్ని విడివిడిగా పట్టే దువ్వెన, 40వ నంబరు. 40వ నంబరు పన్నె అంటే రెండు అంగుళాల్లో 40 సందులు. సందుకు రెండు పోగులు. అంటే అంగుళానికి 40 పోగులు. 60 అంగుళాలకు 2,400 పోగులు. పడుగు పొడవు 60 గజాలు. 2,400ను 60తో గుణిస్తే 1,44,000 గజాలు. చిలపకు 840 గజాలు కనుక 171 చిలపలు పోగా ఇంకా 360 గజాలు కావాలి. అంటే 172 చిలపలు విప్పాలి. ఇరవయ్యో నంబరు బండిల్‌లో 200 చిలపలు. మిగిలేవి ఎన్ని?

“ఇరవై ఎనిమిది, సారూ.”

చెప్పినవాడు నేతగాళ్ల పిల్లవాడు. చెప్పి అట్లే నిలబడిపోయాడు. వాళ్ల నాయన సంఘంలో లేడు, ఇంకా ఒక షావుకారు దగ్గరే నేసేవాడు. ఒక పడుగుకు ఒక బండిల్ అని షావుకారు పద్దు. గంజికి, అతుకులకు, తెగిన పోగులకు నాలుగైదు చిలపలు పోతాయనుకున్నా ఇరవైకి పైన మిగలాలి. మిగిలిన నూలు ఏ పద్దులోనూ కనబడలేదు. మా జేజినాయన యాభై ఏళ్ల బాకీ నాకు ఆ బోర్డు మీద కనబడింది. నెలకు ఒక పడుగు వేసినా ఏడాదికి 240 చిలపలు. అంటే ఒక బండిల్, పైన నలభై చిలపలు.

ఆ పిల్లవాడు ఇంటికి పోయి నాయనకు ఇదంతా చెప్పాడు. షావుకారుతో మాటామాటా అయ్యిందని విన్నాను. కొన్నాళ్లకు ఆ ఇల్లు సంఘంలో చేరింది. నన్ను వీధిలో ఆపిన తండ్రి ఆయనే. తర్వాత మళ్లీ నాకు ఎదురైతే చేతులు జోడించాడు. ఆ కొడుకు నేతగాడు కాలేదు. ఆర్టీసీలో కండక్టరయ్యాడు. సేద్యగాని కొడుకు సేద్యగాడే అయ్యాడు. వాణ్ణి గురించి కింద చెబుతాను.

చేనేత గదిలో ఇంకా చాలా నేర్పాను. తెగిన పోగును ముడి కనబడకుండా కట్టడం, రంగు పోకుండా గుడ్డ ఉడికించడం, నాడె విసురు ఒకే తీరుగా ఉంచడం. ఇవి చేతికి వస్తే పిల్లవాడు నిదానం నేర్చుకుంటాడు. పదిసార్లు తెగినా పదకొండోసారి ముడి వేస్తాడు. ఈ నిదానానికి కూడా నేను విలువ ఇస్తాను. కానీ అది ఇంట్లోనూ వస్తుంది. బడి మాత్రమే ఇవ్వగలిగింది లెక్క.

ఇక ఆ సేద్యగాని కొడుకు. ఆదోని పత్తి మార్కెట్ యార్డులో పత్తి దింపితే కమీషన్ ఏజెంటు తక్‌పట్టీ ఇస్తాడు. ఎన్ని బస్తాలు, తూకం ఎంత, తరుగు ఎంత, ధర ఎంత, హమాలీ, కమీషన్, చేతికి వచ్చేది ఎంత అన్నీ అందులో ఉంటాయి. తొంభైల్లో నేను ప్రతి ఏడాదీ పత్తి రోజుల్లో పిల్లల్ని ఇంట్లో ఉన్న పాత తక్‌పట్టీలు తెమ్మనేవాణ్ణి. చేనేత మాస్టరుకు పత్తి చీటీలెందుకని హెడ్మాస్టర్లు అడిగేవారు. పత్తి నుంచే నూలు గదా అనేవాణ్ణి. తక్‌పట్టీలో ఒక వరసకూ ఇంకో వరసకూ పొంతన చూడడం, తరుగు బస్తాకు ఎంత వేశారో తిరిగి కట్టడం, ధరతో హెచ్చించి సరిచూడడం మూడు పీరియడ్ల పని. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల తెచ్చిన చీటీలో ఖాళీ బస్తా బరువు కింద బస్తాకు రెండు కిలోలు కోసి ఉంది. ఆ గోతం తెచ్చి తూస్తే కిలో చిల్లర. ఇరవై రెండు బస్తాల చీటీ అది. నా పాత విద్యార్థి, ఆ సేద్యగాని కొడుకు, అప్పటికే నాలుగెకరాల సేద్యంలో ఉన్నాడు. ఆ సాయంత్రం నేను అతనికి ఈ సంగతి చెబితే నవ్వాడు. “మీరు చెప్పిన కాడి నుంచి నా గోతాలు నేనే తూసుకుని పోతాను సారూ.”

ఈ పీరియడ్ ఎట్లా పోయిందో కూడా చెప్పాలి. కొఠారి కమిషన్ 1966లో పని అనుభవం అంది. ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ 1977లో సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అంది. మేం ఎస్.యు.పి.డబ్ల్యు. అని పిలిచేవాళ్లం. పేరు మారిన ప్రతిసారీ ఒక కొత్త రిజిస్టరు వచ్చేది. పీరియడ్ మాత్రం ఒక్కొక్క మెట్టూ కిందికి దిగింది. కారణం ఒక్కటే. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో దానికి మార్కు లేదు. మార్కు లేని పీరియడ్‌ను ఫిబ్రవరి రాగానే లెక్కల మాస్టరో ఇంగ్లీషు మాస్టరో తీసుకునేవారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఫలితాల శాతం గురించి పైనుంచి అడిగేది వాళ్లనే. క్రాఫ్ట్ మాస్టర్లు రిటైరైతే ఆ పోస్టులు నిండలేదు. నేను పనిచేసిన ఒక బడిలో గది చాలక మగ్గాన్ని విప్పి వరండా చివర పేర్చారు. రెండు వానాకాలాలు తడిసి కొయ్య విచ్చుకుంది. పన్నె తుప్పు పట్టింది. ఆ పన్నెను నేను ఇంటికి తెచ్చుకుని నూనె రాసి ఉంచుకున్నాను.

బయట మగ్గాలు కూడా తగ్గుతూ పోయాయి. పవర్‌లూమ్ దుప్పటి సగం ధరకు వస్తుంటే గుంటమగ్గం ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? మా వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడు లేదు. మా పిల్లలెవరూ నేయరు. అందుకు నాకు దిగులు లేదు. మా నాయన కోరుకున్నదే జరిగింది.

దిగులంతా సుగ్గి గురించి, కూలి పని కోసం పోయే వలస గురించి. దసరా దాటాక కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం వైపు పల్లెలు ఖాళీ అవుతాయి. గుంటూరు మిరప చేలకు, పత్తి తీతకు కుటుంబాలు కుటుంబాలే బయల్దేరతాయి. కొందరు బెంగళూరు కట్టడాలకు పోతారు. పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది, కొందరు ఉంటారు, కొందరు అమ్మానాన్నల వెంట పోతారు. కర్నూలు జిల్లాలో 2011 లెక్కల ప్రకారం అక్షరాస్యత దాదాపు 60 శాతమే. మా పడమటి మండలాల సంగతి అంతకంటే కింద.

నా సర్వీసు చివరి రోజుల్లో కోసిగి వైపు నుంచి వచ్చి చదువుకునే ఒక తొమ్మిదో తరగతి పిల్ల జనవరిలో సుగ్గికి పోయి మార్చిలో తిరిగొచ్చింది. వచ్చీ రాగానే సంచిలోంచి నలభై పేజీల నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. తేదీ, చేను ఎవరిది, అమ్మ కోసిన కిలోలు, నాయన కోసిన కిలోలు, తను కోసిన కిలోలు, కిలోకు కూలి, ఆ రోజు మొత్తం, మేస్త్రీ ఇచ్చింది. అన్నీ గీతలు గీసి రాసింది. తక్‌పట్టీ పాఠంలో నేను బోర్డు మీద గీసిన గీతలే అవి. మూడు రోజుల దగ్గర ఎర్ర పెన్నుతో చుట్టింది.

“ఈ మూడు దినాలూ తక్కువిచ్చినాడు సారూ. నేను చూపిస్తే ఇచ్చేసినాడు.”

“ఏమన్నాడు?”

“చదువుకున్న పిల్లను ఎందుకు తెచ్చినారు అన్నాడు, మా నాయన్ను.”

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగానికి ఇంతకంటే సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు. ఆ పిల్ల మిరపకాయలు కోయడం బడిలో నేర్చుకోలేదు. కోయాల్సిన అవసరం లేని రోజు ఆమెకు రావాలనే నా కోరిక. కానీ ఆ రోజు వచ్చేదాకా ఎవరూ ఆమె కూలి తినకూడదు గదా.

ఇప్పుడు కొత్త పథకాలున్నాయి. 2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చింది. తొమ్మిది, పది తరగతుల్లో ఎలక్ట్రానిక్స్, దుస్తుల తయారీ, వ్యవసాయం, ఐటీ, బ్యూటీ వంటి ట్రేడులు కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో నేర్పుతున్నారు. 2020 జాతీయ విద్యా విధానం 2025 నాటికి కనీసం సగంమంది విద్యార్థులకు వృత్తి విద్య అందాలని రాసుకుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా పుస్తకాల సంచి లేకుండా పది రోజులు స్థానిక పనివాళ్ల దగ్గర గడపాలని కూడా చెప్పింది. మంచి మాటలే. రెండేళ్ల కింద ఒక బడిలో ఎలక్ట్రానిక్స్ ట్రేడు ల్యాబు చూశాను. మీటర్లు, వైర్లు, సోల్డరింగ్ గన్నులు చక్కగా అద్దాల అల్మారాలో ఉన్నాయి. నేర్పే అబ్బాయి హుషారైనవాడు, ఒప్పందం మీద పనిచేస్తున్నాడు. పిల్లల చేత ఎక్స్‌టెన్షన్ బాక్సు చేయించాడు. ఒక పిల్లవాణ్ణి అడిగాను, దీనికి సామాను ఎంతయ్యింది, నీ కూలి ఎంత వేసుకుంటావు, ఎంతకు అమ్ముతావు అని. వాడు సారు వైపు చూశాడు. సారు నా వైపు చూశాడు. అది సిలబస్‌లో లేదన్నాడు.

సిలబస్ రాసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే వాళ్లకు నా విన్నపం రెండే ముక్కలు. ఈ పీరియడ్‌కు పదో తరగతిలో మార్కు పెట్టండి. ప్రతి ట్రేడులోనూ సామాను లెక్క, కూలి లెక్క, చీటీ చదవడం మొదటి పాఠం చేయండి. పడమటి కర్నూలు తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ జూన్‌లో బడి తెరిచినప్పుడు మీ బిడ్డకు ఇంట్లో ఉన్న ఏదో ఒక చీటీ ఇవ్వండి. తక్‌పట్టీ కానివ్వండి, కూలి పుస్తకం కానివ్వండి, కరెంటు బిల్లు కానివ్వండి. కూడి, తీసివేసి, ఇది సరిగా ఉందా లేదా చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ చీటీ పట్టుకుని మర్నాడే బడికి పోయి మాస్టరును అడగండి.